హౌస్‌ఫుల్ బోర్డు వెనక లెక్క: చిన్న సంగీత వేదికను నిలబెట్టుకోవడం ఎలా?

నమస్కారం. ఇక్కడికి వచ్చినవాళ్లలో సగం మంది సొంతంగా చిన్న సంగీత వేదిక నడుపుతున్నవాళ్లనీ, మిగతావాళ్లు అలాంటి చోట్ల పాడేవాళ్లూ, వాయించేవాళ్లూ, టికెట్ కొనుక్కుని వచ్చేవాళ్లూ అని నిర్వాహకులు చెప్పారు. మీ అందరికీ ఒక మాట ముందే చెప్పేస్తాను. టికెట్ల డబ్బు మీద వేదిక బతకదు. బతుకుతుందనుకుని నడిపేవాళ్లే ముందు మునుగుతారు. నేను చాలా ఏళ్లుగా ఇలాంటి వేదికల పద్దులు చూస్తున్నాను. "జనం రావడం లేదండీ, అందుకే నష్టం" అంటూ వచ్చినవాళ్ల పుస్తకాలు తిరగేస్తే, చాలాసార్లు జనం బాగానే వస్తుంటారు. నష్టం ఇంకెక్కడో ఉంటుంది. అదెక్కడో ఈ పూట వెతుకుదాం.

పేరున్న చిన్న వేదిక ఏదైనా చెప్పమంటే చాలామంది లివర్‌పూల్‌లోని కావెర్న్ క్లబ్ పేరు చెబుతారు. నేల కింద ఉన్న పాత గోదాము అది. 1957లో జాజ్ సంగీతం కోసం తెరిచారు. 1961 నుంచి 1963 దాకా బీటిల్స్ బృందం అక్కడ దాదాపు 290 సార్లు వాయించింది. తర్వాత వాళ్లు ఎక్కడికి వెళ్లారో మీకు తెలుసు. కావెర్న్ ఎక్కడికి వెళ్లింది? 1966లో దివాలా తీసింది! బీటిల్స్ పేరు ప్రపంచమంతా మోగిపోతున్న రోజుల్లోనే. అదే ఏడాది మళ్లీ తెరిచారు, బ్రిటన్ ప్రధాని హెరాల్డ్ విల్సన్ స్వయంగా వచ్చి ప్రారంభించారు. అయినా 1973లో భూగర్భ రైలు పనుల పేరుతో మూయించి పూడ్చేశారు. ఇప్పుడు జనం చూసి వస్తున్నది 1984లో తిరిగి కట్టినది. పేరుకీ చరిత్రకీ కొదవ లేదు, గల్లా పెట్టె మాత్రం ఖాళీ. పైన పటారం లోన లొటారం అంటే ఇదే.

ఇప్పటి సంగతి చూద్దాం. బ్రిటన్‌లో చిన్న వేదికల తరఫున పనిచేసే మ్యూజిక్ వెన్యూ ట్రస్ట్ అనే సంస్థ 2014లో మొదలైంది. ఏటా సభ్యుల లెక్కలు పోగేసి బయటపెడుతుంది. 2023లో అక్కడ 125 వేదికలు సంగీత కార్యక్రమాలు ఆపేశాయి. 2024లో ఈ రంగం సగటు లాభం 0.48 శాతం. అంటే వంద చేతిలో పడితే చివరికి మిగిలేది అర కూడా కాదు. వందలో దాదాపు 44 వేదికలు ఆ ఏడాది నష్టంలోనే ఉన్నాయి. ఇంత సన్నని అంచు మీద నడిచే వ్యాపారంలో ఒక పెద్ద స్పీకర్ కాలిపోయిందంటే ఆ నెల లాభం గోవిందా.

సరే, ఒక రాత్రి లెక్క వేద్దాం. అంకెలు నేను కల్పించినవే, ఏ దేశం డబ్బైనా అనుకోండి. హాల్లో 300 మంది పడతారు. టికెట్ వంద. అన్నీ అమ్ముడుపోయాయి. చేతికి 30,000. ఇందులో పన్నులు, పాటలు రాసి స్వరపరిచిన వాళ్ల హక్కుల సంఘానికి కట్టే రుసుము కలిపి 15 శాతం అనుకుందాం. 4,500 పోయింది. మిగిలింది 25,500. సౌండ్ ఇంజినీరు, లైట్ల మనిషి, గేటు దగ్గర భద్రతా సిబ్బంది, ప్రచారం, అద్దెకు తెచ్చిన వాద్య సామగ్రి కలిపి ఆ రాత్రి ఖర్చు 9,000. ఇక ఉన్నది 16,500. ఇందులో 80 శాతం బ్యాండ్‌ది. ఈ రంగంలో మామూలుగా కనిపించే వాటా అదే. 13,200 వాళ్లు పట్టుకెళ్తారు, అది న్యాయం కూడా. మీకు మిగిలింది 3,300.

హౌస్‌ఫుల్ షో మీద 3,300! "లాభమే కదా" అంటారు. ఆగండి. అద్దె, బీమా, లైసెన్సులు, జీతాలు, అప్పు వాయిదా, కరెంటు కలిపి నెలకు 1,20,000 స్థిర ఖర్చు ఉందనుకోండి. నెలకు 12 షోలు వేస్తున్నారు. ఒక్కో షో 10,000 మొయ్యాలి. మీ హౌస్‌ఫుల్ షో 3,300 మోసింది. 6,700 తక్కువ. ఆ తేడా ఎవరు పూడుస్తారు? తాగేవీ తినేవీ అమ్మే కౌంటర్ పూడుస్తుంది. వచ్చిన ప్రతి మనిషి దగ్గరా, సరుకు ఖర్చు పోను, మీకు 22 పైచిలుకు మిగలాలి. మిగిలితే ఆ రాత్రి లాభమూ లేదు, నష్టమూ లేదు. అదీ హాలు నిండితే. సగమే నిండితే? 15,000 లో 2,250 తీసేయండి, 9,000 ఖర్చు తీసేయండి, 3,750 మిగిలింది. బ్యాండ్‌కి మీరు 6,000 గ్యారంటీ రాసిచ్చి ఉంటారు. అద్దె మాట దేవుడెరుగు, తలుపు తీసినందుకే 2,250 చేతినుంచి పడింది.

(సభలో ఒకరు: "అంటే షోలు తగ్గించుకోవాలా?")

తగ్గిస్తే ఇంకా మునుగుతారండీ. అద్దె, జీతాలు తలుపు మూసి ఉన్న రోజుకీ పడతాయి. నెలలో 20 రాత్రులు హాలు పనిచేస్తే ఒక్కో రాత్రి మోయాల్సింది 10,000 నుంచి 6,000 కి దిగుతుంది. అలాగని ఖాళీ తేదీ కనిపించిందల్లా ఎవరో ఒక బ్యాండ్‌ని తెచ్చి ఎక్కించడం కూడా తెలివి కాదు. నలభై మంది వచ్చే షోకీ సౌండ్ ఇంజినీరు అదే జీతం తీసుకుంటాడు. అలాంటి రాత్రి హాలుని అద్దెకు ఇచ్చేయడమే మేలు. మంగళవారం మధ్యాహ్నం రిహార్సల్‌కి, బుధవారం వీడియో చిత్రీకరణకి, ఉదయం పూట సంగీతం నేర్పే మాస్టారుకి, ఏదో కంపెనీ వార్షిక సమావేశానికి. అద్దెకిచ్చినప్పుడు జనం వచ్చారా రాలేదా అన్న టెన్షన్ వాళ్లది. మీకు రావలసింది ముందే వచ్చేస్తుంది. "మా వేదిక పవిత్రత ఏం కావాలి?" అని నన్ను కోప్పడిన కళాహృదయులు ఉన్నారు. కంపెనీ సమావేశం వచ్చి కట్టిన అద్దెతోనే కదా శుక్రవారం ఎవరికీ తెలియని కొత్త బ్యాండ్‌ని పిలవగలుగుతున్నారు! నాకైతే అందులో మైల ఏమీ కనిపించదు.

తేదీల దగ్గరే ఇంకో చిక్కుంది. బ్యాండ్ల ఏజెంట్లు మీకు ఫోన్ చేసి "వచ్చే నెల రెండో శనివారం మాకోసం పట్టి ఉంచండి" అంటారు. మీరు రాసుకుంటారు. ఇంకొకరు అడిగితే రెండో వరసలో రాస్తారు. మొదటివాళ్లు నెలలు గడిచినా ఏదీ తేల్చరు, చివరి వారంలో "మేం రావడం లేదు" అంటారు. రెండోవాళ్లు ఎప్పుడో వేరే చోట ఖాయం చేసుకుని ఉంటారు. బంగారంలాంటి శనివారం బూడిదపాలు. రెండో వరసలో ఉన్నవాళ్లు "మేం సిద్ధం" అనగానే మొదటివాళ్లకు రెండు రోజులు గడువిచ్చి, తేల్చకపోతే తేదీ వదిలేయాలి. మొహమాటపడే చోటు కాదిది. మీ దుకాణంలో ఉన్న సరుకల్లా తేదీలే, ఈ శనివారం వెళ్లిపోతే మళ్లీ రాదు.

ఇక షో అయ్యాక జరిగే తంతు. దీన్ని కొంచెం దగ్గరగా చూద్దాం, ఎందుకంటే డబ్బు కారిపోయేది ఎక్కువగా ఇక్కడే. అర్ధరాత్రి దాటింది. ఆఫీసు గది, ఒక బల్ల, ఎదురుగా బ్యాండ్ టూర్ మేనేజరు. మధ్యలో సెటిల్‌మెంట్ కాగితం. మొదటి వరసలో ఎన్ని టికెట్లు తెగాయి, ఎన్ని ఉచితంగా ఇచ్చారు. తర్వాత ఖర్చులు. ఆయన వేలు ఒక వరస దగ్గర ఆగుతుంది. "ఈ మానిటర్ స్పీకర్ల అద్దె ఏంటి? మా ఒప్పందంలో లేదే." వాయించేవాళ్లకి తమ వాయింపు తమకే వినిపించేలా వేదిక మీద పెట్టే స్పీకర్లు అవి. నిజమే, ఒప్పందంలో లేవు. డ్రమ్మర్ సౌండ్‌చెక్ అప్పుడు ఇంకో రెండు కావాలన్నాడు, మీవాళ్లు పరుగెత్తుకెళ్లి తెచ్చారు. ఒప్పందంలో రాయలేదు కాబట్టి ఆ ఖర్చు మీ వాటాలోంచే పోతుంది. 3,300 లోంచి 800 పోయిందంటే నాలుగో వంతు పోయినట్టే. అందుకే అదనంగా అడిగింది ఏదైనా సరే, తెచ్చే ముందే ఎవరి ఖాతాలోదో ఒక్క మెసేజ్‌లో తేల్చుకోండి. ఒంటిగంటకు అలసిపోయి, నిద్ర కళ్లతో, కళాకారుడి మీద గౌరవంతో "పోనీలెండి" అనేవాళ్లని చాలామందిని చూశాను. ఏడాదిలో ఆ పోనీలెండిలన్నీ కూడితే ఒక నెల అద్దె వస్తుంది.

టికెట్ కొని రానివాళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. డబ్బు వచ్చేసింది కదా, మనిషి రాకపోతే మనకేం అనిపిస్తుంది. ఇందాకటి లెక్క మళ్లీ చూడండి. టికెట్ డబ్బులో పెద్ద వాటా బ్యాండ్‌ది. మీకు మిగిలేది కౌంటర్ దగ్గర. రాని మనిషి కౌంటర్ దగ్గర ఏమీ కొనడు. అంటే అతను రాకపోతే బ్యాండ్‌కి పైసా నష్టం లేదు, నష్టం మొత్తం మీదే. షో ముందు రోజు కొన్నవాళ్లందరికీ ఒక మెసేజ్ పంపండి, తలుపులు ఎన్నింటికి తీస్తారు, ముఖ్యమైన బ్యాండ్ ఎన్నింటికి ఎక్కుతుంది, ఎన్నింటికి అయిపోతుంది అని. అసలు టైము చెప్పేస్తే జనం ఆలస్యంగా వస్తారని, కౌంటర్ అమ్మకం తగ్గుతుందని కొందరు దాచిపెడతారు. ఆఖరి రైలు పట్టుకోవాల్సినవాడు అసలు రాకుండా పోవడం కంటే ఆలస్యంగా రావడం నయం కదా. రాలేనివాళ్లు టికెట్‌ని అసలు ధరకే వేరేవాళ్లకి ఇచ్చుకునే దారి కూడా తెరిచి ఉంచండి.

ముందస్తుగా అమ్మిన టికెట్ల డబ్బు గురించి మాత్రం కఠినంగానే చెబుతాను. ఆ డబ్బు మీది కాదు. షో జరిగేదాకా అది టికెట్ కొన్నవాళ్లది, జరిగాక పెద్ద వాటా బ్యాండ్‌ది. వేరే ఖాతాలో ఉంచండి, ముట్టుకోవద్దు. నేను చూసిన మూతల్లో చాలావాటి వెనక ఇదే కథ. మూడు నెలల తర్వాత జరగాల్సిన షో టికెట్ల డబ్బుతో ఈ నెల అద్దె కట్టారు, వచ్చే షోల డబ్బుతో ఆ షో బ్యాండ్‌కి ఇచ్చారు. అమ్మకాలు ఒక్క నెల నెమ్మదించగానే గొలుసు తెగింది. టికెట్ల కంపెనీలు కొన్ని "మాతోనే మూడేళ్లు అమ్మండి, ఇప్పుడే పెద్ద మొత్తం అడ్వాన్సు ఇస్తాం" అని వస్తాయి. తీసుకోవచ్చు, తప్పు లేదు. కానీ అది బహుమతి కాదు, అప్పు. అప్పుల వరసలోనే రాసుకోండి.

కౌంటర్ మీద ఇంతగా ఆధారపడ్డ నమూనా కూడా నెమ్మదిగా బీటలు వారుతోంది. చాలా దేశాల్లో కుర్రకారు ముందు తరాలంత తాగడం లేదు. మంచిదే! వాళ్ల ఆరోగ్యానికి మంచిది, మన పద్దుకి కాదు. మద్యం లేని పానీయాలను మొక్కుబడిగా ఒక మూల పెట్టకుండా సరిగ్గా అమ్మడం, నెలవారీ సభ్యత్వం పెట్టడం, వేదిక పేరుతో టీషర్టులు, పోస్టర్లు అమ్మడం లాంటివి చేస్తున్నవాళ్లు ఉన్నారు. సభ్యత్వం నాకు ఎక్కువ నచ్చుతుంది, ఎందుకంటే షో లేని నెలలో కూడా ఆ డబ్బు వస్తుంది. బ్యాండ్ తన టీషర్టులు అమ్ముకుంటే అందులో వాటా అడగడం మాత్రం మానుకోండి. చిన్న బ్యాండ్‌కి పెట్రోలు ఖర్చు వచ్చేది దాంట్లోంచే.

ఇప్పుడు చప్పుడు. ఒక్క ఫిర్యాదు లైసెన్సు దాకా వెళ్తుంది కాబట్టి ఇదీ డబ్బు సంగతే. పక్కింటివాళ్లు ఫిర్యాదు చేశారనగానే గోడలకు నురగ పలకలు అంటిస్తారు. ఆ పలకలు హాలు లోపల ప్రతిధ్వనిని తగ్గిస్తాయి, గోడ దాటే బేస్‌ని, అంటే లోతైన మోతని, ఆపవు. 50 హెర్ట్జ్ బేస్ తరంగం పొడవు ఏడు మీటర్లకి కాస్త తక్కువ. అంగుళం మందం నురగ దానికి ఏం అడ్డు? బేస్‌ని ఆపేది బరువు, రెండు పొరల మధ్య ఖాళీ, కదలికని అందనీయకుండా విడదీయడం. బేస్ కోసం పెట్టే పెద్ద స్పీకర్లు, అంటే సబ్‌వూఫర్లు, నేరుగా వేదిక చెక్కల మీద కూర్చుంటే వేదిక కదులుతుంది, వేదిక కదిలితే గోడ కదులుతుంది, గోడ కదిలితే పక్కింటి పడకగది మోగుతుంది. షో జరుగుతుండగా ఆ గదిలోకి వెళ్లి గోడ మీద అరచెయ్యి పెట్టి చూడండి, పాట వినిపించదు, అదురు తెలుస్తుంది. ఇంకో సంగతి. చప్పుడుని మామూలుగా కొలిచే డీబీఏ కొలతలో మీటర్ బేస్‌ని తక్కువగా లెక్కిస్తుంది. మీటర్ ప్రకారం అంతా సవ్యంగా ఉందని మీరు వాదిస్తారు, నిద్ర పట్టడం లేదని పక్కింటాయన వాదిస్తాడు, ఇద్దరూ నిజమే చెబుతుంటారు. బేస్‌ని కూడా బాగా లెక్కలోకి తీసుకునే డీబీసీ కొలతలో కూడా కొలిపించండి. సబ్‌వూఫర్ల కింద అదురుని మింగే దిమ్మలు, ప్రవేశం దగ్గర రెండు వరసల తలుపులు, ఒకటి మూసుకున్నాకే ఇంకోటి తెరుచుకునేలా. ముందు ఈ రెండూ చేయించండి, పెద్ద ఖర్చు తర్వాత సంగతి. పక్కింటివాళ్ల దగ్గర మీ ఫోన్ నంబరు ఉండాలి. అధికారులకు ఫిర్యాదు రాసే ముందు మీకు ఫోన్ చేసే మనిషి ఉంటే సగం గండం గడిచినట్టే.

పక్కన కొత్తగా అపార్ట్‌మెంట్లు లేస్తే? ముందునుంచీ ఉన్నది మీరు, తర్వాత వచ్చినవాళ్లు మీ మీద ఫిర్యాదు చేస్తారు. దీనికి ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 2014లో ఒక నియమం తెచ్చింది. ఎవరు కొత్తగా వచ్చి పరిస్థితిని మారుస్తున్నారో, శబ్దం సమస్య తీర్చే ఖర్చు వాళ్లదే. వేదిక పక్కన ఇళ్లు కడితే గోడల ఖర్చు బిల్డర్‌ది, ఇళ్ల పక్కన వేదిక పెడితే వేదికది. 2018లో ఇంగ్లండ్ కూడా తన ప్రణాళికా విధానంలో దీన్ని చేర్చింది. మీ దగ్గర ఇలాంటి నియమం ఉందో లేదో పునాదులు తవ్వకముందే కనుక్కోండి, అభ్యంతరం చెప్పే గడువు దాటితే నియమం ఉన్నా లాభం ఉండదు.

ఇంతా చేసి, వేదికల ప్రాణం ఉండేది లీజు కాగితంలో. న్యూయార్క్‌లో సీబీజీబీ అనే క్లబ్ 1973లో మొదలైంది. పంక్ సంగీతానికి పుట్టిల్లు అంటారు. 2006 అక్టోబరులో మూతపడింది. సంగీతం వాడిపోయి కాదు, జనం రాక కాదు. లీజు గడువు తీరింది, అద్దె గురించి ఆ చోటు అద్దెకిచ్చిన సంస్థతో తగాదా తెగలేదు. చివరి రాత్రి గాయని ప్యాటీ స్మిత్ పాడారు. వేదిక బాగా నడిస్తే ఆ వీధికి పేరొస్తుంది, పేరొస్తే అద్దె పెరుగుతుంది, పెరిగిన అద్దె వేదికనే బయటికి తోస్తుంది. అందుకే లీజులో అద్దె ఏటా ఎంత శాతం మించి పెరగకూడదో, గడువు తీరాక కొనసాగే హక్కు ఎవరిదో, భవనం అమ్మకానికి వస్తే మీకు ముందు చెప్పాలా వద్దా, ఈ మూడూ రాయించుకోండి. గడువుకి ఇంకా రెండేళ్లు ఉండగానే మాట్లాడండి. ఆఖరి నెలలో వెళ్తే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

(సభలో ఒకరు: "భవనమే కొనేస్తే?")

కొనగలిగితే అంతకంటే ఏం కావాలి! ఒక్కరు కొనలేకపోతే పదిమంది కలిసి కొనొచ్చు. మ్యూజిక్ వెన్యూ ట్రస్ట్ వాళ్లు 2022లో దీనికోసం ఒక ప్రత్యేక సొసైటీ తరఫున షేర్లు అమ్మారు. మామూలు శ్రోతలు, కళాకారులు కొన్నారు, 20 లక్షల పౌండ్లకి పైగా వచ్చింది. 2023లో ఆథర్టన్ అనే చోట స్నగ్ అనే చిన్న వేదిక భవనాన్ని మొదటిగా కొన్నారు. నడిపేవాళ్లు పాతవాళ్లే, యజమాని మాత్రం ఇప్పుడు ఆ సొసైటీ, అది వేదికని ఖాళీ చేయించాలని చూడదు. విరాళాల కంటే ఇది నాకు గట్టి పద్ధతిగా కనిపిస్తుంది. విరాళాలు ఒకసారి వస్తాయి, రెండోసారి సగం వస్తాయి. పాత బాకీలు తీర్చడానికి విరాళం అడిగితే ఆర్నెల్లలో మళ్లీ అడగాల్సి వస్తుంది. తలుపులు, సౌండ్ సిస్టమ్, భవనంలో వాటా లాంటి నిలిచే వాటికి అడగండి.

ప్రభుత్వాల మాట క్లుప్తంగా. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు అమెరికాలో స్వతంత్ర వేదికలవాళ్లు తొలిసారి సంఘంగా ఏర్పడ్డారు, ఆ ఏడాది డిసెంబరుకల్లా చట్టసభ చేత 1500 కోట్ల డాలర్ల సాయం మంజూరు చేయించారు.  ఫ్రాన్స్‌లో ఇలాంటి సంగీత కార్యక్రమాల టికెట్ల మీద 3.5 శాతం పన్ను తీసి, దాన్ని మళ్లీ సంగీత రంగానికే ఖర్చు పెడతారు. బ్రిటన్‌లో పెద్ద స్టేడియం టికెట్ మీద ఒక్కో పౌండు చిన్న వేదికలకి ఇవ్వాలని చాన్నాళ్లుగా అడుగుతున్నారు. ఎంటర్ షికారి బ్యాండ్ 2024 పర్యటనలో తనంతట తానే ఇచ్చింది. అడగడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, రేపు స్టేడియం నింపేవాడు ఈ రోజు మీ దగ్గర నలభై మంది ముందు తప్పులు సరిదిద్దుకుంటున్నాడు.

(సభలో ఒకరు: "ఇక నడపలేమని ఎప్పుడు తేల్చుకోవాలి?")

ఎవరూ అడగరేమో అనుకున్నాను, అడిగారు. ప్రతి సోమవారం ఒక కాగితం మీద రాబోయే 13 వారాలు గీసుకోండి. ఏ వారం ఎంత వస్తుంది, ఎంత కట్టాలి. టికెట్ల అడ్వాన్సు ఆ లెక్కలో కలపొద్దు. ఏదో ఒక వారంలో జీతాలకు చాలదని కనిపిస్తే, ఆ వారం రాకముందే భవన యజమానితో, బ్యాంకుతో మాట్లాడండి. ముందే చెప్పిన బాకీదారుకి వాయిదా దొరుకుతుంది, తప్పించుకు తిరిగేవాడికి నోటీసు దొరుకుతుంది. మూడు నెలలు వరసగా పూడ్చే దారి కనపడకపోతే, ఖాతాలో ఇంకా సిబ్బంది జీతాలకీ టికెట్లు వెనక్కి ఇవ్వడానికీ సరిపడా డబ్బు ఉండగానే ఆపేయాలి. ఇళ్లు తాకట్టు పెట్టి ఇంకో ఆర్నెల్లు లాగొద్దు. బుక్ చేసిన బ్యాండ్లకి వేరే వేదికలు చూపించండి, లైట్లు, మిక్సర్ విడివిడిగా తెగనమ్మకుండా ఇంకో వేదికకి కట్టగా ఇవ్వండి, మంచి ధర వస్తుంది. సౌండ్ ఇంజినీరుకి కనీసం నెల ముందు చెప్పండి, అతను ఇంకో చోట పని చూసుకోవాలి కదా.